ఆకుపచ్చ దారం కట్టిన పర్దా

మా మామూ స్టూడియోలో దాన్ని డార్క్ స్లయిడ్ అని ఎవ్వరూ అనేవాళ్లు కాదు. పర్దా అనేవాళ్లు. "పర్దా డాలే క్యా?" అని ముందు గదిలోంచి మామూ అడగడం, "డాల్ దియే" అని లోపల్నుంచి ముమానీ జవాబివ్వడం రోజుకు ఇరవైసార్లు వినపడేది. కొత్తగా పనిలో చేరిన పోరడెవడైనా స్లయిడ్ అంటే మామూ కళ్లద్దాల పైనుంచి చూసి, "స్లయిడ్ బోలేతో జారుడుబండ. యే పర్దా హై" అనేవాడు.

ఇంతకీ అదేమిటంటే ఒక పల్చటి లోహపు రేకు. అరచెయ్యంత ఉంటుంది. పట్టుకోవడానికి ఒక అంచున చిన్న పిడి. 120 ఫిల్ము వాడే పెద్ద కెమెరాలు కొన్నింటిలో ఫిల్ము ఉండే వెనక పెట్టె వేరుగా ఊడివస్తుంది. దాన్ని బ్యాక్ అంటారు, మ్యాగజైన్ అని కూడా అంటారు. ఊడదీసినప్పుడు దాని ముందువైపు తెరిచే ఉంటుంది. వెలుతురు తగిలిందా, ఫిల్ము ఖతం. అలా తగలకుండా ఫిల్ముకు అడ్డంగా దూర్చే రేకే ఈ పర్దా. పెట్టె పక్కన సన్నటి చీలిక ఉంటుంది, అందులోంచి లోపలికి పోతుంది. ఫోటో తీయాలంటే పర్దా లాగెయ్యాలి. బ్యాక్ మార్చాలంటే మళ్లీ వెయ్యాలి. దాని పని అంతే.

ఊళ్లలో స్టూడియోవాళ్ల దగ్గర ఎక్కువగా ఉండే యాషికా మ్యాట్ లాంటి రెండు కళ్ల కెమెరాలకు ఈ గొడవ లేదు. వాటి వీపు ఊడదు. ఒకసారి రోల్ ఎక్కిస్తే పన్నెండు ఫోటోలూ అయ్యేదాకా ఆ ఫిల్ము అందులోనే ఉండాలి. అందుకే మా కొత్తగూడెం, ఇల్లెందు, సత్తుపల్లి వైపు ఫోటోగ్రాఫర్లలో చాలామంది ఈ పర్దా ముచ్చటే లేకుండా జిందగీ గడిపేశారు.

మామూ కథ వేరు. తొంభైల మొదట్లో హైదరాబాద్ కోఠీలో సెకండ్ హ్యాండ్ మామియా ఆర్‌బి 67 ప్రో-ఎస్ కొన్నాడు. ముమానీ చేతి గాజులు రెండు అందులో కరిగిపోయాయని ఖాందాన్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. లెన్సుతో కలిపితే రెండున్నర కిలోల పైమాటే. మెడలో వేసుకుని తిరిగే వస్తువు కాదు, ట్రైపాడ్ మీద కూర్చోబెట్టి సలామ్ కొట్టాల్సిన వస్తువు. 120 రోల్‌కి పదే ఫోటోలు వస్తాయి. కానీ ఒక్కో నెగటివ్ ఆరు సెంటీమీటర్లకు ఏడు సెంటీమీటర్లు. ఆ కెమెరాతో పాటు రెండు బ్యాకులు వచ్చాయి. ఆ రెండో బ్యాక్ కోసమే మామూ దాన్ని కొన్నాడంటే ఎవరూ నమ్మరు. నిజం అదే.

మన పెళ్లిళ్ల సంగతి మీకు తెలిసిందే. మర్దానా ఒకవైపు, జనానా ఒకవైపు, మధ్యలో షామియానా గుడ్డో, రెండు దుప్పట్లో. మర్దానాలో ఫోటోలకు ఇబ్బంది లేదు. జనానాలోకి గైర్ మర్ద్ ఎలా పోతాడు? కొన్ని ఇళ్లలో అసలు తస్వీర్లే వద్దనేవాళ్లు. కొందరు వయసు మళ్లిన ఫోటోగ్రాఫర్‌ని పిలిచి, "అబ్బాజాన్ లాంటోడే" అని సర్దుకునేవాళ్లు. మామూ అయితే ముమానీకే ఫోటో తీయడం నేర్పాడు. ఇద్దరు మనుషులు, కెమెరా ఒక్కటే. రెండోది కొనే తాహతు లేదు. అందుకని మామూ మర్దానాలో వాడుతున్న బ్యాక్‌కి పర్దా వేసి, ఊడదీసి నా చేతిలో పెట్టేవాడు. ఆకుపచ్చ దారం కట్టిన పర్దా ఉన్న రెండో బ్యాక్ ఎక్కించి, ట్రైపాడ్‌తో సహా కెమెరాను గుడ్డ కిందనుంచి అవతలికి జరిపేవాడు. అటుపక్క ముమానీ అందుకునేది. పని అయ్యాక ఆమె పర్దా వేసి ఇటు జరిపేది. ఆకుపచ్చ దారం ఉన్న బ్యాక్ జనానాది. దాన్ని తెరిచే హక్కు ముమానీది ఒక్కదానిదే. మామూకి కూడా లేదు.

ఇంకో సంగతి. ఆ రోజుల్లో మర్దానా ఫోటోలన్నీ కలర్‌కి మారిపోయాయి. కలర్ రోల్ కడగాలంటే ల్యాబ్‌కి పంపాలి. ల్యాబ్‌లో మెషిన్ దగ్గర ఎవరో కుర్రాళ్లు, ప్రింట్లు కత్తిరించేచోట ఇంకెవరో. ముమానీ ఒప్పుకోలేదు. బ్లాక్ అండ్ వైట్ అయితే ఇంట్లోనే కడగొచ్చు. అందుకని మా మామూ తీసిన పెళ్లి ఆల్బముల్లో మగవాళ్లు రంగుల్లో ఉంటారు, ఆడవాళ్లు నలుపు తెలుపుల్లో ఉంటారు. ఊటీలో హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్లు తయారుచేసే ‘ఇందు’ రోళ్లు, దొరికినప్పుడు ఇల్‌ఫోర్డ్ వాడేది. తానే కడిగి, తానే ప్రింట్లు వేసి, నెగటివ్‌లతో సహా ఒక కవర్లో పెట్టి, మైదాపిండితో అంటించి దుల్హన్ తల్లి చేతికిచ్చేది. స్టూడియోలో ఒక్క నెగటివ్ కూడా ఉంచుకునేది కాదు. "అమానత్ హై" అనేది. రీప్రింట్ల డబ్బులు పోతాయని మామూ ఒకటి రెండుసార్లు గునిశాడు. తర్వాత గునగడం మానేశాడు.

ఇదేదో మా ఇంట్లో పుట్టిన తరీఖా అనుకోకండి. హైదరాబాద్‌లో రాజా దీన్‌దయాళ్ 1892లోనే ఆడవాళ్ల కోసం వేరే జనానా స్టూడియో పెట్టాడు. మిసెస్ కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషామె దాన్ని నడిపింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దీన్‌దయాళ్‌కి ఇచ్చిన ఖితాబు ‘ముసవ్విర్ జంగ్’. ఆ కాలంలో గాజు పలకల మీద తీసేవాళ్లు. పలకను చీకట్లో చెక్క చట్రంలో పెట్టి, ముందు జారుడు మూత వేసి, కెమెరా వెనక దూర్చేవాళ్లు. డార్క్ స్లయిడ్ అనే పేరు ఆ చట్రానిది. అప్పట్లో మొత్తం చట్రాన్నే అలా పిలిచేవాళ్లు. తర్వాత ఒక్క రేకుకే ఆ పేరు మిగిలింది.

ముసవ్విర్ అన్న మాట దగ్గర మన ఇళ్లలో ఎంత బహస్ నడుస్తుందో చెప్పక్కర్లేదు. అల్లాహ్ పేర్లలో ఒకటి అల్-ముసవ్విర్, రూపమిచ్చేవాడు. తస్వీర్లు తీసి బతుకుతున్నాడని మా నానా మామూతో చాలా ఏళ్లు సరిగ్గా మాట్లాడలేదు. హజ్‌కి పోవడానికి పాస్‌పోర్ట్ ఫోటో కావలసి వచ్చినప్పుడు మాత్రం నేరుగా వచ్చి మామూ స్టూడియోలోని స్టూలు మీదే కూర్చున్నాడు. మామూ టోపీ సర్ది, లైటు వేసి, తీశాడు. ఆ బహస్ ఇద్దరూ మళ్లీ ఎత్తలేదు.

ఇక నా పని. పదో తరగతి సెలవుల నుంచి డిగ్రీలో చేరేదాకా పెళ్లిళ్ల సీజన్లో నేను మామూ వెంట తిరిగేవాణ్ని. నవాబుల దగ్గర హుక్కాబర్దార్ ఉండేవాడట. నేను పర్దాబర్దార్‌ని. మామూ ఫోటో తీస్తున్నంతసేపూ ఆ రేకు నా దగ్గరుండాలి. వినడానికి తేలిక. కానీ ఈ రేకు విషయంలో పనికొచ్చే ఇల్మ్ ఏదైనా నాకుందంటే ఆ రెండు మూడేళ్లలో తిన్న తిట్లలోంచి వచ్చిందే. పాత కెమెరాలు మళ్లీ బయటికి తీస్తున్న పిల్లలు ఇప్పుడు కొందరు ఉన్నారు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

మొదటిది, రేకును వంకరగా దూర్చకూడదు. చీలిక లోపల స్పాంజి పట్టీ, దానికి ఆనుకుని పల్చటి రేకులాంటి నాలుక ఉంటాయి. పర్దా లేనప్పుడు చీలికను మూసి వెలుతురును ఆపేవి అవే. పర్దాను ఒక మూల ముందు పెట్టి తోస్తే ఆ మూల దగ్గర స్పాంజి పైకి లేస్తుంది, పక్కన సందు మిగులుతుంది. ఆ సందులోంచి వెలుతురు దూరుతుంది. ప్రింటు వేసినప్పుడు ఒక పక్కనుంచి తెల్లటి చార కత్తిలా లోపలికి వచ్చి ఉంటుంది, సరిగ్గా దుల్హా ముఖం మీదికి. "కోనేసే నక్కో, సీధా" అని మామూ గొంతు ఇప్పటికీ వినపడుతుంది. రెండు మూలలూ ఒకేసారి చీలికలోకి పోవాలి. తొందర పనికిరాదు, మధ్యలో ఆగడమూ పనికిరాదు. చివర తగిలేదాకా పోవాలి.

రెండోది నీడ. ఫిబ్రవరి దాటితే మన వైపు ఎండ ఎలా ఉంటుందో తెలుసు కదా. ఎండకు వీపు పెట్టి, మన ఒంటి నీడలో కెమెరాను ఉంచి పర్దా లాగాలి, వెయ్యాలి. స్పాంజి కొత్తదైతే ఇంత జాగ్రత్త అక్కర్లేదనేవాళ్లు ఉన్నారు. స్పాంజి ఎన్నాళ్లు కొత్తగా ఉంటుంది?

మూడోది నాకు చాలా నచ్చిన సంగతి, ముమానీ సొంత అలవాటు. ఫోటో తీయగానే పర్దా వెయ్యదు. ముందు లివర్ తిప్పి తీసిన ఫోటోను లోపలికి చుట్టేసి, ఖాళీ ఫ్రేమును ముందుకు తెచ్చి, అప్పుడు వేస్తుంది. ఎక్కడైనా వెలుతురు కారితే ఆ ఖాళీ ఫ్రేము మీద పడుతుంది, తీసిన ఫోటో బతుకుతుంది. ఇది ఎవరు నేర్పారంటే, "అఖల్" అనేది తలమీద వేలు పెట్టి.

పెట్టుకునే చోటు కూడా ముఖ్యం. పాంటు వెనక జేబులో అస్సలు వద్దు, కూర్చుంటే వంగుతుంది. వంగిన రేకు సరిగ్గా దూరదు, స్పాంజిని నాశనం చేస్తుంది. నేల మీద పెట్టకూడదు. దానికి అంటిన దుమ్ము చీలికలోకి, అక్కణ్నుంచి ఫిల్ము మీదికి పోతుంది. ప్రింటులో ఆ దుమ్ము నల్లటి చుక్కలై కూర్చుంటుంది. కొన్ని బ్యాకులకు వెనకే రేకు పెట్టుకోవడానికి జేబులాంటి చోటు ఉంటుంది, అవి ఉన్నవాళ్లు నసీబున్నవాళ్లు. ముమానీ పాత మల్మల్ దుపట్టా చింపి రెండు కవర్లు కుట్టింది. నా చొక్కా జేబులో ఆ కవరు, కవర్లో రేకు, జేబు మీద నా చెయ్యి. బిర్యానీ వాసన వస్తున్నా కదలడానికి లేదు.

కెమెరాలు కొంతవరకు మనల్ని కాపాడతాయి. మామూ దగ్గరున్న ప్రో-ఎస్‌లో పర్దా లోపలుంటే బటన్ నొక్కుడుపడదు. స్వీడన్ వాళ్ల హాసెల్‌బ్లాడ్‌లో అయితే అదీ ఉంది, పర్దా వేస్తే గానీ బ్యాక్ ఊడిరాదు కూడా. చంద్రుడి మీదికి 1969లో తీసుకెళ్లింది హాసెల్‌బ్లాడ్‌లే. తిరిగి వచ్చేటప్పుడు బరువు తగ్గాలని కెమెరా బాడీలు అక్కడే వదిలేసి, ఫిల్ము ఉన్న మ్యాగజైన్లు మాత్రం తెచ్చుకున్నారు. ఈ సంగతి మామూకి చెప్తే, "ఔర్ క్యా. డబ్బా పడ్‌గయాతో పడ్‌గయా, అమానత్ తో లానా" అన్నాడు. కానీ ఏ తాళమూ ఆపలేని ప్రమాదం ఒకటుంది. బ్యాక్ విడిగా ఉన్నప్పుడు ఎవరైనా పర్దా పిడి పట్టుకుని లాగితే వచ్చేస్తుంది. పెళ్లింట్లో పిల్లలు లాగని వస్తువు ఏముంది? అందుకే విడిగా ఉన్న బ్యాక్‌కి ముమానీ తల రబ్బరు బ్యాండ్లు రెండు అడ్డంగా వేసేది.

దాచే విషయంలో మాత్రం రెండు ఉల్టా నియమాలున్నాయి, చాలామంది ఇక్కడే తికమకపడతారు. ఫిల్ము ఉన్న బ్యాక్‌లో పర్దా ఎప్పుడూ లోపలే ఉండాలి. ఖాళీ బ్యాక్‌లో పర్దా లోపల ఉండకూడదు. రేకు లోపలే నెలలు, ఏళ్లు ఉంటే స్పాంజి నొక్కుకుపోయి మళ్లీ లేవదు. తర్వాత రేకు తీసిన రోజున చీలిక మూసుకోదు. అందుకని సీజన్ అయిపోగానే ముమానీ ఖాళీ బ్యాకుల్లోంచి పర్దాలు తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, మల్మల్ కవర్లలో పెట్టి, సిలికా జెల్ పొట్లాలతో సహా డబ్బాలో పడుకోబెట్టేది. వానాకాలం మన అడవి సరిహద్దు ఊళ్లలో తేమకు తోలు చెప్పులకే బూజు పడుతుంది, లెన్సుల సంగతి అడగొద్దు.

ఒక్క బ్యాక్‌లో మాత్రం పర్దా ఇరవై ఆరేళ్లు లోపలే ఉండిపోయింది. అది చండ్రుగొండ పెళ్లిది.

1998 ఫిబ్రవరి, షవ్వాల్ నెల. చండ్రుగొండ అప్పుడు ఖమ్మం జిల్లా. 2016లో జిల్లాలు విడగొట్టాక భద్రాద్రి కొత్తగూడెంలో చేరింది. ఊళ్లో ముస్లిం ఇళ్లు కొన్నే, అందరూ ఒకరికొకరు ఏదో రిష్తా. దూరంగా కనకగిరి గుట్టలు, ఎర్రమట్టి దారి, ఆరబెట్టిన మిరపకాయల ఘాటు. దుల్హన్ వాళ్లు మాకు దూరపు చుట్టాలు, ఆమె అమ్మను నేను ఖాలా అని పిలిచేవాణ్ని. నికాహ్ అయింది, ఖానా అయింది. జనానా రోల్ పది ఫోటోలూ అయిపోయాయి. రుఖ్సతీకి ముందు ఒంటరిగా దుల్హన్‌వి కొన్ని కావాలని ఖాలా అడిగితే ముమానీ ఇంకో రోల్ ఎక్కించి నాలుగు తీసింది. పర్దా వేసి బ్యాక్ ఇటు జరిపింది. గుడ్డ ఇవతల నిలబడి అందుకున్నది నేనే. మిగిలిన ఆరూ మొదటి జుమాగీకి వచ్చి తీస్తానని ముమానీ మాటిచ్చింది.

ఆ వారంలోనే దుల్హన్ దాదా ఇంతెఖాల్. జుమాగీ ఫోటోలు ఎవరు అడుగుతారు? పూర్తయిన రోల్ ప్రింట్లు, నెగటివ్‌లు కవర్లో పెట్టి ఇచ్చేశారు. నాలుగు ఫోటోలున్న బ్యాక్ అలాగే ఉండిపోయింది. రోల్ సగంలో కడగడం ముమానీకి ఇష్టం లేదు, మళ్లీ పిలుస్తారులే అనుకుంది. తర్వాత అందరూ కలరే కావాలన్నారు, ఆ తర్వాత డిజిటల్ వచ్చింది. 2004లో మామూ మర్హూమ్ అయ్యారు. స్టూడియో షట్టరు దించేశాం. ముమానీ ఆ బ్యాక్‌ని నల్లగుడ్డలో చుట్టి, తన జహేజ్ సందూక్‌లో రజాయిల అడుగున పెట్టింది.

ఆ దుల్హన్ కూడా ఎక్కువకాలం బతకలేదు. రెండో కాన్పులో పోయింది, బిడ్డా దక్కలేదు. మొదటి పాపకు అప్పుడు మూడేళ్లు. పాప నానిహాల్‌లోనే, చండ్రుగొండలోనే పెరిగింది. తల్లి పెళ్లి ఆల్బం గోడ తాఖ్‌లో ఉండేది. ఒక వానాకాలం దాటాక తీసి చూస్తే చెదలు తినేశాయి, అట్టలు మాత్రం మిగిలాయి. నెగటివ్‌లూ అదే కవర్లో ఉన్నాయి. ముమానీ తన దగ్గర ఒక్కటి కూడా ఉంచుకోలేదని చెప్పాను కదా. ఆ అమ్మాయికి తల్లి ముఖమంటే ఓటరు కార్డు మీదున్న గోరంత బొమ్మ, అదీ సగం చెరిగిపోయి.

ఇప్పుడామెకు ఇరవై రెండేళ్లు, ఖమ్మంలో నర్సింగ్ చదువుతోంది. పోయినేడు కొత్తగూడెంలో ఒక వలీమాలో ముమానీ పక్కన కూర్చుంది. ఎవరి బిడ్డవని అడిగి, తెలుసుకుని, ముమానీ కాసేపు ఏమీ అనలేదట. తర్వాత, "తేరీ అమ్మీకే చార్ మేరే పాస్ హైఁ" అందట.

మర్నాడే ఆ అమ్మాయి నాకు ఫోన్ చేసింది. ఆమె కంటే ముందు ఆమె మేనమామ చేశాడు. ఆయనది నా వయసే, మంచి మనిషి, ఆ పిల్లను సొంత కూతురిలా పెంచాడు. "భాయి, ఆపా బతికున్నన్ని రోజులూ గైర్ మర్ద్‌కి ముఖం చూపించలేదు. ఇప్పుడు ఆ రోల్ హైదరాబాద్ పోవాలె, ల్యాబ్‌లో ఎవడో కడగాలె, కంప్యూటర్లో ఎక్కియ్యాలె. వద్దు. మూసి ఉన్నదాన్ని మూసే ఉండనీ" అన్నాడు. నాకు జవాబు తోచలేదు. మన పెళ్లిళ్లలో ఇప్పుడు జనానా ఫోటోలు రుఖ్సతీ కాకముందే వాట్సాప్‌లో ఊరంతా తిరుగుతున్నాయి. దుల్హన్ ఇజాజత్ ఎవరూ అడగరు. ఈయనొక్కడు చనిపోయిన అక్క తరఫున అడ్డం నిలబడ్డాడు. అది తప్పని నేనెలా అనను? అటు చూస్తే ఆ పిల్ల. తల్లి ముఖం చూడకుండా ఇరవై రెండేళ్లు.

ఫైసలా చేసింది ముమానీయే. డెబ్భై దాటింది, కళ్లలో మోతియాబిందు, చేతులు వణుకుతాయి. "అమానత్ దుల్హన్‌ది. దుల్హన్ లేదు. వారిస్ ఉంది. నేను కడగలేను, ఆ పిల్ల కడుగుతుంది. మర్దులెవరూ చూడరు" అంది. మేనమామ చాలాసేపు ఆలోచించి రెండు షరతులు పెట్టాడు. తమ ఇంట్లోనే జరగాలి. ఫోన్‌లో ఫోటో తీయకూడదు. పిల్ల రెండింటికీ హౌ అంది.

వరసగా మూడు ఆదివారాలు ఖమ్మం నుంచి బస్సులో వచ్చి ముమానీ దగ్గర నేర్చుకుంది. పనికిరాని పాత రోల్ ఒకటి ఇచ్చి, కళ్లు మూసుకుని రీలులోకి చుట్టమనేది ముమానీ. ఇంజెక్షన్లు ఇచ్చే చేతులు కదా, రెండో ఆదివారానికే పట్టుబడింది. తర్వాత నల్లగుడ్డ విప్పి బ్యాక్ చేతికిచ్చింది. పర్దా లాగొద్దని, స్పాంజి ఇన్నేళ్లలో జిగురైపోయి ఉంటుందని, లాగితే తిరిగి మూసుకోదని నాలుగుసార్లు చెప్పింది. లివర్ తిప్పుకుంటూ రోలంతా చివరికి చుట్టడం పర్దా ఉండగానే చేయొచ్చు. బ్యాక్ తెరవడం మాత్రం పూర్తి చీకట్లోనే. 120 ఫిల్ముకు వెనక నల్ల కాగితం ఉంటుంది, మామూలుగా నీడలో తీయొచ్చు. కానీ ఇంత పాతదాన్ని నమ్మకూడదు.

డిసెంబర్‌లో ఒక రాత్రి ఇషా అయ్యాక చండ్రుగొండలో కడిగారు. గుసల్‌ఖానా కిటికీకి గోతం సంచులు కొట్టాం. డెవలపర్ డి-76, నేను హైదరాబాద్ నుంచి తెప్పించాను. పాత ఫిల్ము మసకబారి ఉంటుందని ముమానీ అందులో కొంచెం పొటాషియం బ్రోమైడ్ కలిపించింది. నీళ్లు 20 డిగ్రీలుండాలి. ట్యాంకు నీళ్లు అంతకంటే వెచ్చగా ఉన్నాయి, కుండనీళ్లు కలిపితే సరిపోయింది. పిల్ల లోపల, ముమానీ గుమ్మం దగ్గర కుర్చీలో, నేనూ మేనమామా బయట వసారాలో. నా పని ఫోన్ చూస్తూ నిమిషానికోసారి "ఉల్టా" అని కేకెయ్యడం. లోపల ట్యాంకు తిరగేసిన చప్పుడు వినపడేది. మేనమామ చాయ్ గ్లాసు చేతిలో పట్టుకుని తాగలేదు.

హైపో అయిపోయింది, మూత తెరిచింది. చాలాసేపు నీళ్ల చప్పుడే. తర్వాత లోపల్నుంచి, "చార్ హైఁ చాచా. పాంచ్వాఁ ఏక్ తరఫ్ పూరా కాలా" అంది. ఐదోది ముమానీ ముందుకు తెచ్చిపెట్టిన ఖాళీ ఫ్రేము. స్పాంజి పోయినవైపు నుంచి కారిన వెలుతురంతా దాని మీదే పడింది. కుర్చీలో ముమానీ, "దేఖా?" అంది, ఎవరితోనో తెలియదు.

నెగటివ్‌లో ముఖం నల్లగా, కళ్లు తెల్లగా ఉంటాయి, ఎవరో పోల్చుకోవడం కష్టం. ఫోన్ సెట్టింగుల్లో రంగులు ఉల్టా చేసేది ఒకటుంటుంది. అది నొక్కి, కెమెరా తెరిచి నెగటివ్ ముందు పెడితే స్క్రీన్ మీద ముఖం ముఖంలా కనిపిస్తుంది. బటన్ నొక్కక్కర్లేదు, ఏదీ ఫోన్‌లో మిగలదు. షరతు తప్పకుండా ఎలా చూడాలో ఆ పిల్లే కనిపెట్టింది. నానీని పిలిచింది. ఖాలాకు ఇప్పుడు సరిగ్గా నడవడం రాదు, గోడ పట్టుకుంటూ పోయింది. కొంచెంసేపటికి ఖాలా గొంతు, చెవి బుందాల గురించి ఏదో అంటోంది, అవి తన అమ్మవని, దుల్హన్‌కి ఆ రోజే పెట్టానని. పిల్ల ఏమీ అనలేదు. తర్వాత, "మామూ, ఆవో" అని పిలిచింది.

మేనమామ చాయ్ గ్లాసు గట్టు మీద పెట్టి లోపలికి పోయాడు. ఆయన సగా భాయి, ఆయనకు పర్దా ఏముంది.

నేను వసారాలో లైటు కింద కూర్చుని ఖాళీ అయిన బ్యాక్ ముందేసుకున్నాను. పర్దా మెల్లిగా లాగితే తారులాంటి నల్లటి జిగురు అంటుకుని వచ్చింది, స్పాంజి మొత్తం కరిగిపోయింది. స్పిరిట్‌లో దూది ముంచి రేకు తుడిచాను, చీలిక లోపల అగ్గిపుల్లకు గుడ్డ చుట్టి తీయగలిగినంత తీశాను. కొత్త పట్టీలు కత్తిరించి అతికించాలి, ఆ పని ఇంటి దగ్గర. పిడికి కట్టిన దారం ఆకుపచ్చదని తెలిసినవాళ్లకే తెలుస్తుంది, ఎండుగడ్డి రంగుకి తిరిగింది. దాన్ని విప్పలేదు. రేకును మల్మల్ కవర్లో, బ్యాక్‌ని విడిగా డబ్బాలో పెట్టాను. ఇప్పుడది ఖాళీ బ్యాకే కదా.